ఎనిమిదేళ్ళ పిల్లకో పుస్తకం

"పిల్లలకు ఏదన్నా మంచి పుస్తకం చెప్పండి" అని ఎవరైనా అడిగితే నాకు ఒళ్ళు మండుతుంది. చెప్పుల కొట్టుకు వెళ్ళి, మంచి చెప్పులివ్వండి అని చేతులు కట్టుకుని నిలబడతారా? కాలు ముందుకు చాపరూ? పుస్తకమూ అంతే. ముందు ఆ పిల్ల ఎవరో, ఎలాంటిదో నాకు తెలియాలి. అది చెప్పకుండా మంచి పుస్తకం, మంచి పుస్తకం అంటే నేనేం చేసేది.

నా పేరు జాహెదా. మాది రాయచోటి. ఇంట్లో ఉర్దూ, బడిలో తెలుగు, అలా పెరిగాను. పెళ్ళయి రియాద్ వచ్చాక బతా దగ్గర ఈ మూడో అంతస్తు ఇంట్లోనే ఉంటున్నాం. ముందుగదిలో ఒక గోడ మొత్తం తెలుగు పిల్లల పుస్తకాలే. కొన్నవి తక్కువ. ఊరికి చుట్టీ మీద, అంటే సెలవు మీద, వెళ్ళేవాళ్ళు ఎవరైనా "ఆపా, వచ్చేటప్పుడు ఏం తేవాలి?" అని అడిగితే పచ్చళ్ళు వద్దు, పిల్లల పుస్తకాలు తెండి అంటాను. మా ఆయన మతీన్‌కు ఆవకాయంటే ప్రాణం. ఈ గోడను చూసినప్పుడల్లా ఎన్ని జాడీలు పోయాయో అని నిట్టూరుస్తాడు. నేను చెవిన వేసుకోను.

శుక్రవారం వచ్చిందంటే మా ఇంటికి జనం. ఇక్కడ ఇంగ్లీషు బళ్ళలో చదివే తెలుగు పిల్లల అమ్మానాన్నలే ఎక్కువ. వాళ్ళను నేను అడిగేవి కొన్నే. పిల్లకు ఎన్నేళ్ళు, దేనికి కోపమొస్తుంది, ఎప్పుడు పడీ పడీ నవ్వుతుంది, దేనికి భయం. చెప్పరు. లెక్కల్లో తొంభై అయిదు వచ్చాయండీ అంటారు. లెక్కల్లో వచ్చిన మార్కుల్ని పట్టుకుని నేను కథెలా వెతకను? జిజాన్ నుంచి ఒకావిడ ఫోన్ చేసి, మా బాబుకు క్రమశిక్షణ నేర్పే పుస్తకం కావాలంది. దానికి పుస్తకమెందుకమ్మా, అలారం గడియారం కొనమన్నాను. ఆవిడ మళ్ళీ ఫోన్ చేయలేదు.

ఇలాంటివాళ్ళతో విసిగిపోయి ఉన్న ఒక శుక్రవారం, జుమా నమాజు అయ్యాక, అంజన్న వచ్చాడు.

జగిత్యాల వైపు మనిషి. అల్ ఖర్జ్‌లో పాల ఫారంలో పని. అక్కడి కోల్డ్ రూముల మిషన్లు చెడిపోతే బాగుచేసేది మా మతీన్. ఆ పరిచయంతో వచ్చాడు. నలభై దగ్గర పడి ఉంటాయి. చెప్పులు గుమ్మం బయట వదిలి, సోఫా అంచున కూర్చుని, గోడనున్న పుస్తకాల వైపు చూశాడు.

"మతీన్ భాయ్ చెప్పిండు మేడం. మీ దగ్గర పిల్లల పుస్తకాలుంటయట."

"ఉంటాయి. ఎవరికి?"

"నా బిడ్డకు. రష్మిత. పండుగయినంక చుట్టీ మీద పోతున్న. పోయి మల్ల వచ్చెటందుకు ఎగ్జిట్ రీ-ఎంట్రీ వీసా ఇస్తమన్నరు."

"మంచిదే కదప్పా. సంతోషంగా పో."

"సంతోషమే. కానీ బుగులైతాంది మేడం."

ఇంటికి వెళ్ళడానికి భయమెందుకని అడిగాను. అతను అరచేతులు రుద్దుకున్నాడు.

"ఫోన్ జేసి, తిన్నవా బిడ్డా అంట. తిన్న అంటది. బడికి పొయినవా అంట. పొయిన అంటది. గంతే. ఇగ నాకు మాట దొరకది, గామెకు గూడ దొరకది. అమ్మకిస్తున్న అని ఫోన్ ఇచ్చేస్తది. ఫోన్లనే గిట్లుంటే, రేపు ఇంట్ల పిల్ల ముందట కూసొని ఏం మాట్లాడాలె? ఎవరో చుట్టమచ్చిండని లోపటికి పోయి కూసుంటదేమో."

"మరి పుస్తకంతో ఏం చేస్తావు?"

"నేను ఏడో తరగతి దాంక సదివిన. మెల్లగ సదువుత. రోజుకో పేజీ సదివి వాయిస్ మెసేజ్ పెడ్త. గా కథ గురించన్న ఏదన్న అడుగుతది గదా. నేను ఏదన్న చెప్త."

ఇన్నేళ్ళుగా ఈ గోడ ముందు కూర్చున్నదాన్ని. పుస్తకం అడగడానికి ఇంత మంచి కారణం చెప్పినవాళ్ళు నాకు తగల్లేదు. పైకి చెప్పలేదు గానీ నాకు ఆ మనిషి మీద ఒక్కసారిగా అభిమానం పుట్టింది.

"బిడ్డకు ఎన్నేండ్లు?"

"ఎనిమిది."

"దేనికి కోపమొస్తాది?"

"జడ గట్టిగ అల్లితే. దువ్వెన గుంజుకొని ఇసిరికొడ్తది."

"ఎప్పుడు నవ్వుతాది?"

"మేకపిల్ల దునుకుతుంటే. దాని ఎన్క తాను గూడ గట్లనే దునుకుతది. ఇగ ఆపుడు మా తరం గాదు." చెబుతూ చెబుతూ అతని మొహం వెలిగిపోయింది. "బల్లంటే భయం. రాత్రి బల్లి కనవడితే నా అంగీల దూరేది."

తండ్రి అంటే ఇలా ఉండాలి అనుకున్నాను. టకటకా చెప్పేశాడు. ఆలోచించనైనా లేదు. లెక్కల మార్కులు చెప్పే మా బతా అమ్మానాన్నలందర్నీ పిలిచి ఇతన్ని చూపించాలనిపించింది.

పుస్తకం వెతుక్కోనక్కర్లేకపోయింది. బొమ్మల పుస్తకం ఒకటుంది. రైలు పట్టాల పక్కన పుట్టిన మేకపిల్ల కథ. రైలు రోజూ తనను పలకరించడానికే వస్తుందని దాని నమ్మకం. ఒకరోజు రైలు రాదు. ఏమైందో కనుక్కుందామని పట్టాల వెంబడే బయల్దేరుతుంది. దారిలో దానికి కనబడినవాళ్ళందరూ రైలు గురించి తలా ఒక మాట చెబుతారు, ఏ ఇద్దరి మాటా ఒకటి కాదు. నీతి గీతి ఏమీ ఉండదు. చదివాక పిల్లలు ఊరుకోరు, ప్రశ్నల మీద ప్రశ్నలు వేస్తారు. అంజన్నకు కావలసిందీ అదే. మూడు వారాల్లో తిరిగివ్వాలని గట్టిగా చెప్పి చేతిలో పెట్టాను.

మూడు వారాలు దాటాయి. పుస్తకం రాలేదు. దాని కోసం ఇంకో ఇంటివాళ్ళు కాచుక్కూర్చున్నారు. ఫోన్ చేస్తే ఎత్తడు, ఎత్తితే "డ్యూటీల ఉన్న అక్కా" అంటాడు. మేడం కాస్తా అక్కనైపోయాను, పుస్తకం మాత్రం రాలేదు. నాకు ముక్కు మీదే కోపం. ఒక శుక్రవారం అల్ ఖర్జ్‌లో ఏదో కంప్రెసర్ ఆగిపోయిందని మతీన్ బయల్దేరుతుంటే నేనూ అబాయా వేసుకున్నాను.

"నీ గుస్సా తీసుకొని అంతదూరం రావాలా? నేను తెస్తాలే పుస్తకం," అన్నాడు మతీన్.

"నువ్వు తెస్తావు. అతను టీ పోస్తాడు, నువ్వు తాగేసి వస్తావు," అన్నాను.

చలికాలం. ఎండ హాయిగా ఉంది. ఊరు దాటాక రెండు పక్కలా పచ్చగడ్డి చేలు, వాటి వెనక అంతూ పొంతూ లేని ఆవుల షెడ్లు. లేబర్ క్యాంపు లోపలికి ఆడవాళ్ళు వెళ్ళకూడదు. గేటు బయట ఒక బకాలా ఉంది, అన్నీ అమ్మే చిన్న కొట్టు. దాని ముందు రేకుల పందిరి. మతీన్ అక్కడ బండి ఆపాడు. నేను తలుపు తీసి ఒక కాలు కింద పెట్టాను, చెప్పాల్సిన నాలుగు మాటలూ నోటి చివరే ఉన్నాయి. పందిరి కింద చూసి కాలు వెనక్కి తీసుకున్నాను.

చాపల మీద పది పదిహేనుమంది మగవాళ్ళు కూర్చుని ఉన్నారు. సెలవురోజు. లుంగీల మీద ఉన్నవాళ్ళు, యూనిఫాం విప్పనివాళ్ళు, గెడ్డం సగం గీసుకుని వచ్చినవాడొకడు. మధ్యలో అంజన్న. ఒళ్ళో నా పుస్తకం. ఎదురుగా నీళ్ళ సీసాకు ఆనించిన ఫోన్. ఎవరూ మాట్లాడటం లేదు. కొట్టు నడిపే మలయాళీ లోపలికి వెళ్ళి కూల్‌డ్రింకుల ఫ్రిజ్ స్విచ్ ఆపి వచ్చాడు, దాని మోత రికార్డింగులో పడుతుందని. సిగరెట్ కోసం వచ్చిన ఒకతను బయటే నిలబడ్డాడు. ఆ మౌనం కుదిరాక అంజన్న గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు.

మెల్లగా చదువుతున్నాడు. ఒక్కో మాటా పట్టుకుని, పడిపోకుండా చూసి, తర్వాతి మాటకు వెళ్తున్నాడు. మేకపిల్ల వంతెన దగ్గరికి వచ్చింది. వంతెన కింద బట్టలుతికే ముసలమ్మను, మా రైలును చూశావా అని అడుగుతోంది. ముసలమ్మ మాటలకు అంజన్న గొంతు మార్చాడు. గెడ్డం సగం గీసుకున్నవాడు నోరు తెరిచి వింటున్నాడు. తెలుగు ఒక్క ముక్క రాని బంగ్లాదేశీ ఒకతను మోకాళ్ళ చుట్టూ చేతులు వేసుకుని అంజన్న మొహాన్నే చూస్తున్నాడు. అర్థమవుతోందా అని తర్వాత హిందీలో అడిగితే, బిడ్డకు వినిపిస్తున్నాడు కదా, అందులో అర్థం కావడానికేముంది అన్నాడు.

నేను కార్లోనే కూర్చుండిపోయాను. ఆ పుస్తకం నేను ఎంతమంది పిల్లలకిచ్చానో. ఎన్నిసార్లు చదివానో. మగవాళ్ళు, అదీ తెల్లవారకముందే లేచి వేల ఆవుల పాలు పితికే మిషన్ల దగ్గర పొద్దుగూకేదాకా నిలబడే మగవాళ్ళు, ఒక మేకపిల్లకు రైలు దొరుకుతుందా లేదా అని ఊపిరి బిగబట్టి వినడం ఏనాడూ చూడలేదు. మతీన్ ఇంజను ఆపేశాడు.

పేజీ అయిపోయింది. అంజన్న మెసేజ్ పంపాడు. ఫ్రిజ్ మళ్ళీ మొదలైంది, మాటలూ మొదలయ్యాయి. అప్పుడు దిగాను, మతీన్ కంప్రెసర్ పనికి లోపలికి వెళ్ళాడు. నన్ను చూసి అంజన్న గబుక్కున లేచాడు. పక్కనే ఉన్న మల్లేశం, అతనిది నిర్మల్, అంజన్న రూమ్మేటు, అడ్డం వచ్చాడు.

"పుస్తకం కోసమొచ్చిన్రా అక్కా? గా మేకపిల్ల సంగతి తేలెదాంక మేమైతే ఇయ్యం."

"ఉండప్పా నువ్వు," అని అంజన్న వైపు తిరిగాను. కోపం ఎప్పుడో ఎగిరిపోయింది. "బిడ్డ ఏమంటాంది? ఏమేమి అడుగుతాంది?"

అందరూ అంజన్నను చూశారు. అతను ఫోన్ నా చేతికిచ్చాడు. వరసగా వాయిస్ మెసేజులు, రోజుకొకటి. ప్రతిదాని పక్కనా మైకు గుర్తు నీలంగా ఉంది. అంటే ప్రతి పేజీ ఆ పిల్ల విన్నది. కింద జవాబు మాత్రం ఒక్కటి లేదు. బాగుందని లేదు, బాగాలేదని లేదు.

"ఇంటాంది అక్కా. మాట్లాడ్త లేదు. నా సదువుడు మంచిగ లేదేమో."

చదవడంలో లోపం లేదు, నేనిప్పుడే విన్నాను. ఎనిమిదేళ్ళ పిల్ల ఈ కథ విని నోరు మూసుకుని కూర్చోదు, అది నాకు తెలుసు. మరి ఏమై ఉంటుంది? ఆలోచిస్తూ పైనున్న ఫొటో మీద వేలు పెట్టాను. పెద్దదైంది. రెండు జడలు, బడి చున్నీ, కళ్ళజోడు. తల్లి పక్కన నిలబడి ఉంది, తల్లికంటే పొడుగు.

"ఇదెవరు?"

"గామెనే. రష్మిత."

"ఏ తరగతి?"

"తొమ్మిది. రేపు టెన్త్‌కు పోతది."

"ఎనిమిదేండ్లని చెప్పితివే నాకు?"

అంజన్న నోరు తెరిచాడు. చెవుల దాకా ఎర్రబడ్డాడు.

"నేను... నేను ఈడికి అచ్చినప్పుడు ఎనిమిది అక్కా." తనే మళ్ళీ అందుకున్నాడు. "మొదటి చుట్టీకి కరోనా అచ్చింది. తర్వాత కంపెనీ చేతులు మారింది, ఈడ ఉండనిచ్చే ఇకామా కాయిదం ఆగింది. గట్ల గట్ల పోయినయ్ ఏండ్లు. వీడియోల సూస్తనే ఉన్న. కండ్లకు ఎరుకే, పెద్దగైందని. నోటికి మాత్రం గదే అస్తది."

నాకు ఒక్కసారిగా మండింది. పద్నాలుగేళ్ళ పిల్లకు మేకపిల్ల బొమ్మల పుస్తకమా? దువ్వెన విసిరికొట్టడం, మేకపిల్ల వెనక గంతులు, బల్లి భయం, అన్నీ టకటకా చెప్పాడని మురిసిపోయానే. చెప్పడూ మరి? అతను చెప్పింది అక్కడ వదిలేసి వచ్చిన పిల్ల గురించి. "గోడ మీద క్యాలెండరన్నా మార్చరా మీరు?" అన్నాను. మల్లేశం తల దించుకున్నాడు. అతన్నీ పట్టుకున్నాను.

"నీకు పిల్లలెంతమంది?"

"ఒక్కడే అక్కా. నాలుగేండ్లు."

"నువ్వు ఈడికొచ్చి ఎన్నాళ్ళాయె?"

"మూడేండ్లు దాటింది. గప్పుడు వానికి నాలుగు."

"మరి ఇప్పుడు గూడా నాలుగెట్లయితాయప్పా?"

మల్లేశం వేళ్ళు మడిచి చూసుకున్నాడు. చిన్నగా నవ్వాడు గానీ ఆ నవ్వు సరిగ్గా రాలేదు. "మొన్న కార్గోల అంగీలు పంపిన. పడ్తలేవని పక్కింటి పిల్లగానికిచ్చిన అని ఇంటామె ఫోన్ జేసింది. గప్పుడు గూడ నాకు సోయి రాలే."

చాప మీద కూర్చున్నవాళ్ళు ఒక్కొక్కరే చెప్పడం మొదలుపెట్టారు. నేను అడగలేదు. నా బిడ్డకు ఏడాదిన్నర అని ఒకడు నోరు జారి, కాదు కాదు, ఇప్పుడు బడికి పోతోంది అని దిద్దుకున్నాడు. గెడ్డం సగం గీసుకున్నవాడు తన ఇద్దరు కొడుకులవీ చెప్పి, ఆగి, లెక్కేసుకుని, మొహం రెండు చేతుల్తో కప్పుకున్నాడు. ఊళ్ళో ఎయిర్‌పోర్టు బండి ఎక్కిన రోజున పిల్లల వయసు ఎక్కడుందో, వీళ్ళ నోళ్ళలో అక్కడే ఆగిపోయింది. వీళ్ళు మరిచిపోలేదు. ఆ రోజును ఎంత గట్టిగా పట్టుకున్నారంటే, దాని తర్వాతి రోజులకు చోటు లేకుండా పోయింది. నాకు ఇక తిట్టడానికి నోరు రాలేదు.

కొట్టు మలయాళీ పాలు లేని సులైమానీ టీ తెచ్చి ఇచ్చాడు. తాగాక కాస్త తేరుకున్నాను. పొరపాటు తెలిసింది కదా, సరైన పుస్తకం ఇద్దామనుకున్నాను. పద్నాలుగేళ్ళవాళ్ళకు నా దగ్గర మంచివే ఉన్నాయి. లోకమంటే చిరాకు పడే పిల్లలకు, ఎవరికీ చెప్పుకోలేని పిల్లలకు, చెప్పిందే చెబుతారని పెద్దల్ని వినని పిల్లలకు. ఏదో ఒకటి కాదు, సరిగ్గా ఆ పిల్లకు సరిపోయేది కావాలి.

"సరే అంజన్నా. ఇప్పటి రష్మిత గురించి చెప్పు. దేనికి కోపమొస్తాది?"

అతను ఆలోచించాడు. చాలాసేపే ఆలోచించాడు.

"తెల్వదక్క."

"ఎప్పుడు నవ్వుతాది?"

"తెల్వదు."

"దేనికి భయం?"

అంజన్న తల అడ్డంగా ఊపి గేటు వైపు తిరిగి నిలబడ్డాడు. భుజాలు కదులుతున్నాయి. మల్లేశం వెళ్ళి అతని వీపు మీద చేయి వేశాడు. ఇంతమందికి పుస్తకాలు చెప్పిన నాకు అక్కడ చెప్పడానికి ఏ పుస్తకమూ లేదు.

"ఆ పిల్లనే అడుగు," అన్నాను చివరికి. "జరిగింది జరిగినట్టు చెప్పి అడుగు."

"కోపం జేస్తే?"

"చేయనీ. దేనికి కోపమొస్తాదో అదన్నా తెలుస్తాది కదా."

ఫ్రిజ్ మళ్ళీ ఆగింది. అంజన్న చాప మీద కూర్చుని ఫోన్ నోటి దగ్గర పెట్టుకున్నాడు. ఈసారి చదవడానికి ఒళ్ళో పుస్తకం లేదు.

"బిడ్డా, బాపును. ఇన్ని దినాలు నేను సదివింది చిన్నపిల్లల పుస్తకం. నీకు పద్నాలుగేండ్లని నాకు ఎరుకే. ఎరుకుండి గూడ నోట్లకెల్లి ఎనిమిదే అచ్చింది. నీకు కోపం దేనికస్తది, దేనికి నవ్వుతవు అని ఈడ ఒక అక్క అడిగితే నాకు చెప్పరాలె. నువ్వే చెప్పు బిడ్డా. నీకు ఎసొంటి పుస్తకం గావాలె?"

పంపాడు. అందరం ఫోన్ వైపే చూస్తూ కూర్చున్నాం. మైకు గుర్తు నీలమైంది. అంటే విన్నది. జవాబు రాలేదు. టీ గ్లాసులు తీసేశారు, మతీన్ కంప్రెసర్ పని ముగించుకొని వచ్చాడు, అప్పటికీ రాలేదు. అంజన్న మేకపిల్ల పుస్తకాన్ని లుంగీ కొసతో తుడిచి నా చేతిలో పెట్టాడు.

"ఇగ ఇదెందుకక్క."

తిరుగు ప్రయాణంలో మతీన్‌తో అకారణంగా రెండుసార్లు పోట్లాట పెట్టుకున్నాను. నాకు భయం పట్టుకుంది. పాపం ఆ పిల్ల వినడమైనా వింటోంది. రోజుకో పేజీ, ఆ మాత్రం దారమైనా ఉండింది ఇద్దరి మధ్యా. సరైన పుస్తకం, సరైన వయసు అని నేను వెళ్ళి ఆ దారం కూడా తెంపి వచ్చానేమో. పిల్లలకు పుస్తకాలు చెప్పడం నాకు తెలుసని ఇన్నాళ్ళూ ఎంత మిడిసిపడ్డాను.

శనివారం ఏమీ తెలియలేదు. ఆదివారమూ తెలియలేదు. సోమవారం పొద్దున పిండి కలుపుతుంటే ఫోన్ మోగింది. పిండి చేత్తోనే ఎత్తాను. మల్లేశం నంబరు, మాట అంజన్నది.

"అక్కా, గా మేకపిల్ల పుస్తకం ఎవ్వలకన్న ఇచ్చిన్రా?"

"లేదు. ఇక్కడే ఉంది. ఏమైంది?"

"ఎవ్వలకు ఇయ్యకున్రి. జర ఇనున్రి. మల్లేశం ఫోన్లకెల్లి మాట్లాడుతున్న, నా ఫోన్ దగ్గర పెడ్త."

చిన్న గరగర. తర్వాత ఒక ఆడపిల్ల గొంతు. ముందు బెదురుగా, పోనుపోను గట్టిగా.

"బాపూ, నేనే. నీ మెసేజ్ ఇన్న. అది చిన్నపిల్లల కథ అని నాకు మొదటి రోజే తెలిసింది. మస్తు కోపమొచ్చింది. నాకెన్నేండ్లో మా బాపుకు తెల్వదా అని ఏడ్సిన. అమ్మకు చెప్పలే. ఇగ ఇనొద్దు అనుకున్న. కానీ నువ్వు పెద్ద మాట వచ్చిన కాడ ఆగి, ఊపిరి తీస్కొని మల్ల సదువుతవ్ గదా. అది ఇనాలనిపించింది. నీ గొంతు గంతసేపు నేనెప్పుడు ఇన్న? అందుకే రోజు ఇన్న. ఏం చెప్పాల్నో తెల్వక చెప్పలే."

ముక్కు చీదిన చప్పుడు వినిపించింది.

"నాకు ఎనిమిదేండ్లప్పుడు ఎవ్వలు కథ సదివి ఇనిపియ్యలే బాపూ. నువ్వు పొయినవ్, అమ్మ బీడీలు చేస్తుండె. అందుకే గా పుస్తకం నాదే. సగంల ఆపకు. మొత్తం సదువు. అదయిపోయినంక తొమ్మిదేండ్ల పిల్లలది తీస్కో. గప్పుడు గూడ నువ్వు లేవు. తర్వాత పదేండ్లది. అన్ని వరుసగ సదువు, ఒక్క ఏడు గూడ ఇడ్వకు. నువ్వు ఇంటికొచ్చే వరకు పద్నాలుగు దాంక రావాలె. గప్పుడు నాకేం పుస్తకం గావాల్నో చెప్త."

గరగర ఆగింది. నేను వంటగదిలో నిలబడి ఉన్నాను. పిండి చేయి గోడకు ఆనించానని కూడా గమనించలేదు. పద్నాలుగేళ్ళ పిల్ల. తండ్రి లేని ఏళ్ళు ఎన్ని ఉన్నాయో అన్నిటికీ ఆ తండ్రి చేతే కథలు చదివించుకోవాలని దానికి ఎలా తోచింది? నా గోడలో ఉన్న పుస్తకాలన్నీ చదివినా నాకు తోచలేదు. దేవుడా, పిల్లలు ఇంత పెద్దవాళ్ళుగా ఎప్పుడవుతారు?

"అక్కా, ఉన్నవా?"

"ఉన్నానప్పా." చేయి గోడ మీంచి తీశాను. "ఈ మేకపిల్లను సాయంత్రానికి మతీన్ చేత పంపిస్తా. తొమ్మిదేండ్లదానికి పుస్తకం నేను చూస్తా. కానీ ఆ వయసులో అది ఎట్లుండేదో నాకు తెలియాల. కనుక్కున్నావా?"

"అడిగిన. నిన్న సాయంత్రం ఫోన్ జేసి అడిగిన. చెప్తనే ఉన్నది అక్కా. అమ్మకు ఫోనే ఇయ్యలే."

"తొమ్మిదేండ్లప్పుడు దేనికి కోపమొచ్చేదంట?"

అంజన్న ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో తెలియడం లేదు. వెనక మిషన్ల మోత, ఎవరో అరబ్బీలో పిలుస్తున్న కేక.

"నా మీదనే అక్కా."

"పదేండ్లప్పుడు?"

"గప్పుడు గూడ నా మీదనే."

ఫోన్ పెట్టేశాక చేతులు కడుక్కుని, పిండి అలాగే వదిలేసి ముందుగదిలోకి వెళ్ళాను. నాన్న మీద కోపంగా ఉన్న తొమ్మిదేళ్ళ పిల్లకు ఏ పుస్తకం బాగుంటుందో చూద్దామని కింది అరతో మొదలుపెట్టాను.